మైన్స్ కాలేజీ విశ్వవిద్యాలయమైంది: చట్టం ఇంకా చేయవలసిన పని

దమ్మపేట,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

తెలంగాణ రాష్ట్ర శాసనసభ, శాసనమండలి గౌరవ సభ్యులకు,

విషయం: కొత్తగూడెం భూవిజ్ఞాన విశ్వవిద్యాలయానికి చట్టంలోనూ, పరినియమాల్లోనూ కల్పించవలసిన రక్షణల గురించి.

కొత్తగూడెంలోని గనుల ఇంజనీరింగ్ కళాశాలను భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మార్చి, 2024 డిసెంబరు 26న కన్నుమూసిన మాజీ ప్రధాని డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరు దానికి పెట్టాలని రాష్ట్ర మంత్రివర్గం 2025 జనవరిలో నిర్ణయించింది. అదే ఏడాది డిసెంబరు 2న ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి ఆ విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించారు. బొగ్గు గనులు, అడవి, గోదావరి కలిసే ఈ సరిహద్దు ప్రాంతంలో ఉన్నత విద్య కోసం హైదరాబాదుకో వరంగల్లుకో పోక తప్పని కుటుంబాలకు ఇది స్వాగతించదగిన పరిణామమే. అయితే ఒక కళాశాలకు విశ్వవిద్యాలయ హోదా ఇవ్వడం ఒక పని కాగా, దాన్ని విశ్వవిద్యాలయంగా నిలబెట్టడం వేరే పని. మొదటిది జరిగింది. రెండవది జరగాలంటే ఈ నేలను చదివే సంస్థకు ఈ నేల మీద బతికే వారి పట్ల ఉండవలసిన బాధ్యతను ప్రభుత్వాల దయకు వదిలేయకుండా చట్టంలోనే రాయాలని ఈ లేఖ గౌరవ సభ్యులను కోరుతోంది.

ముందుగా ఆ కళాశాల పుట్టుకను గుర్తు చేసుకోవడం అవసరం. భద్రాచలం యాత్రకు వెళ్తున్నవారు ఇల్లెందు దగ్గర వంటకు పొయ్యి పెట్టుకుంటే పొయ్యిరాళ్లే అంటుకున్నాయన్నది ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకునే కథ. చరిత్రకు అందినంతవరకు 1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గును కనుగొన్నాడు; అక్కడి ప్రధాన బొగ్గుపొర నేటికీ ఆయన పేరుతోనే కింగ్ సీమ్‌గా వ్యవహారంలో ఉంది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందింది, 1889లో తవ్వకం మొదలైంది, 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు ఆ సంస్థలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. తవ్వకం ఇంత విస్తరించినా గనుల ఇంజనీర్ల కోసం చాలాకాలం ధన్‌బాద్ వైపు చూడవలసి వచ్చింది. ఆ లోటు తీర్చడానికే 1970ల చివర ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద, సింగరేణి సహకారంతో కొత్తగూడెంలో స్కూల్ ఆఫ్ మైన్స్ ఏర్పడింది. జిల్లా ప్రజలు మైన్స్ కాలేజీ అని పిలుచుకునే ఆ సంస్థ తర్వాతి కాలంలో కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోకి వెళ్లి, గనుల ఇంజనీరింగ్‌తో పాటు కంప్యూటర్ సైన్స్, ఐటీ, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ కోర్సులు కూడా నడిపింది. ఇప్పుడు విశ్వవిద్యాలయమైనది ఈ కళాశాలే.

ఈ మార్పును చట్టం దృష్టితో చూస్తే మూడు అంచెలు కనిపిస్తాయి. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు శాసనాధికారాన్ని కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలుగా పంచింది. విశ్వవిద్యాలయాలను స్థాపించే అధికారం రాష్ట్ర జాబితాలోని 32వ అంశం కింద శాసనసభకు ఉంది. విద్య అనే విస్తృత విషయం, 1976 నాటి 42వ సవరణ తర్వాత, ఉమ్మడి జాబితాలోని 25వ అంశంగా ఉంది. ఉన్నత విద్యా ప్రమాణాల సమన్వయం మాత్రం కేంద్ర జాబితాలోని 66వ అంశం కింద పార్లమెంటు చేతిలో ఉంది. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం చట్టం, అంటే యూజీసీ చట్టం, ఆ అధికారం నుంచి వచ్చిందే. ఆ చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం పట్టా ఇచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, ఆ హోదా పొందిన కొన్ని సంస్థలకు మాత్రమే ఉంటుంది. 2(ఎఫ్) సెక్షన్ విశ్వవిద్యాలయాన్ని నిర్వచిస్తుంది, 12(బి) సెక్షన్ దానిని కేంద్ర నిధులకు అర్హం చేస్తుంది. రాష్ట్ర చట్టంతో పుట్టిన విశ్వవిద్యాలయం మొదటి గుర్తింపును తేలికగానే పొందగలదు. రెండవదానికి భవనాలు, గ్రంథాలయం, ప్రయోగశాలలు, శాశ్వత అధ్యాపకులు ఉన్నారని చూపాలి. జిల్లా ప్రజలకు అసలు లాభం ఈ రెండవ మెట్టు ఎక్కిన తర్వాతే మొదలవుతుంది.

ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో సుప్రీంకోర్టు 2005 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ యశ్‌పాల్ కేసులో చెప్పింది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2002 నాటి చట్టాన్ని ఆసరాగా చేసుకుని కేవలం ప్రకటనల ద్వారా వందకు పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయాలను సృష్టించగా, బోధన సౌకర్యాలేవీ లేకుండా కాగితం మీద మాత్రమే ఉన్నదానికి విశ్వవిద్యాలయం అనే పేరు తగదని న్యాయస్థానం ఆ చట్టంలోని కీలక సెక్షన్లను కొట్టివేసింది. ఆ తీర్పు ప్రైవేటు సంస్థల గురించినదే అయినా, దానిలోని సూత్రం ప్రభుత్వ సంస్థలకూ హెచ్చరికే. తెలంగాణలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. 1924లో మొదలైన కోఠి మహిళా కళాశాలను 2022లో ప్రభుత్వ ఉత్తర్వుతో మహిళా విశ్వవిద్యాలయంగా ప్రకటించినా, అందుకు తగిన చట్టబద్ధత కోసం విద్యార్థినులు చాలాకాలం ఎదురుచూడవలసి వచ్చింది. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలను విశ్వవిద్యాలయంగా మార్చే బిల్లును 2022 సెప్టెంబరులో ఉభయసభలు ఆమోదించినా, గవర్నరు అనుమతి కోసం అది నెలల తరబడి నిలిచిపోయింది. ఒకచోట చట్టం కంటే ముందు పేరు వచ్చింది, మరొకచోట సభ ఆమోదించినా చట్టం రాలేదు. రెండుచోట్లా అనిశ్చితిని మోసినది విద్యార్థులే. కాబట్టి కొత్తగూడెంలో కాకతీయ విశ్వవిద్యాలయం కింద చేరినవారి పట్టా ఎవరు ఇస్తారు, కొత్తగా చేరేవారికి ఏ పరినియమాలు వర్తిస్తాయి, ఉన్న సిబ్బంది సర్వీసు ఎలా కొనసాగుతుంది అన్న మూడు విషయాలపై సందేహానికి చోటులేని నిబంధన ఉండాలి. పరినియమాలంటే చట్టానికి లోబడి విశ్వవిద్యాలయం తన పాలన కోసం రాసుకునే నియమాలు. నిత్యజీవితంలో విద్యార్థికి ఎదురయ్యేది చట్టం కంటే ఇవే ఎక్కువ.

గనుల బడి విశ్వవిద్యాలయంగా ఎదగడం ప్రపంచంలో కొత్త సంగతి కాదు. జర్మనీలోని ఫ్రైబర్గ్ గనుల అకాడమీ 1765లో పుట్టి నేటికీ విశ్వవిద్యాలయంగా కొనసాగుతోంది. అమెరికాలో మిస్సోరీ గనుల పాఠశాల 1870లో మొదలై 1964లో విశ్వవిద్యాలయ హోదా పొందింది. మన దేశంలో ధన్‌బాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్స్ 1926లో ఏర్పడి, 1967లో డీమ్డ్ విశ్వవిద్యాలయమై, 2016లో పార్లమెంటు చట్ట సవరణతో ఐఐటీ అయింది. అంటే బడి నుంచి విశ్వవిద్యాలయానికి 41 ఏళ్లు, అక్కడి నుంచి ఐఐటీకి మరో 49 ఏళ్లు పట్టాయి. ఈ సంస్థలన్నీ గనుల పరిశ్రమకు మనుషులను తయారుచేసే పనితో మొదలై, క్రమంగా భూగర్భశాస్త్రం, లోహశాస్త్రం, పర్యావరణం, నీటి శాస్త్రం వైపు విస్తరించాయి. హోదా వచ్చేనాటికి వాటిలో పరిశోధన వేళ్లూనుకుని ఉంది. కొత్తగూడెంలో హోదా ముందు వచ్చింది గనుక పరిశోధనను వెనకనుంచి నిర్మించుకోవాలి. అందుకు సమయం, డబ్బు, మనుషులు ఎక్కువ కావాలన్న వాస్తవాన్ని సభ గుర్తించాలి.

ఆ విస్తరణ ఇక్కడ ఎందుకు తప్పనిసరో సింగరేణి లెక్కలే చెబుతాయి. ఏడాదికి సుమారు ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీసే ఈ సంస్థలో 1990ల ఆరంభంలో లక్షకు పైగా కార్మికులు ఉండగా, ఇప్పుడు వారి సంఖ్య నలభై వేల చుట్టుపక్కలకు దిగింది. బొగ్గు బాయిల్లోకి దిగే భూగర్భ తవ్వకం తగ్గి, భూమిని పైనుంచి పెళ్లగించే ఓపెన్‌కాస్ట్ గనులు, అంటే జనం ఓసీలు అని పిలిచేవి పెరగడం ఇందుకు ఒక ప్రధాన కారణం. గని పనికి మాత్రమే ఇంజనీర్లను తయారుచేసే సంస్థకు ఈ పరిస్థితిలో భవిష్యత్తు ఇరుకవుతుంది. మరోవైపు బొగ్గు తీయడానికి తొలగించే పైమట్టి గుట్టలను ఏం చేయాలి, వట్టిపోయిన గనిని ఎలా మూయాలి, గని గుంతల్లో నిలిచే నీరు తాగడానికో సాగుకో పనికొస్తుందా, పేలుళ్ల ప్రకంపనలు చుట్టూ ఉన్న ఇళ్లను ఎంత దెబ్బతీస్తున్నాయి అన్న ప్రశ్నలు ఇల్లెందు నుంచి సత్తుపల్లి వరకు ప్రతి గని అంచు గ్రామంలోనూ ఉన్నాయి. గనిని శాస్త్రీయంగా మూసే ప్రణాళిక ఉండాలని కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. తవ్వడం నేర్పినంత శ్రద్ధతో మూయడం నేర్పే విభాగం ఈ విశ్వవిద్యాలయంలో ఏర్పడితే దేశంలోని బొగ్గు ప్రాంతాలన్నింటికీ అది ఉపయోగపడుతుంది.

భూవిజ్ఞానం బొగ్గుతో ముగిసేది కాదు. భూమి పొరలు, నీరు, వాతావరణం, భూకంపాలు, నేల స్వభావం అన్నీ కలిసిన శాస్త్రాల సమూహమది. ఆ శాస్త్రాలన్నింటికీ ఈ జిల్లాలోనూ, దాని పొలిమేరల్లోనూ పని ఉంది. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో ఆ మట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో వచ్చిన కంపనం గోదావరి లోయ అంతటా తెలిసింది. 2024 జులైలో అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి వద్ద పెదవాగు ప్రాజెక్టు కట్టకు గండి పడి, కింద ఆంధ్రప్రదేశ్ వైపున్న వేలేరుపాడు, కుక్కునూరు మండలాల గ్రామాలను కూడా నీరు ముంచింది. మణుగూరు దగ్గర పగిడేరులో భూగర్భం నుంచి వచ్చే వేడినీటితో విద్యుత్తు తీసే చిన్న ప్రయోగాన్ని సింగరేణి చేపట్టింది. వరద ముందస్తు అంచనా, చిన్న ఆనకట్టల భద్రత, భూకంప పరిశీలన, భూతాపశక్తి అనే నాలుగు విభాగాలకు వేరేచోట వెతకనక్కరలేని క్షేత్రం ఇక్కడే ఉంది.

దమ్మపేట మండలం విషయానికొస్తే ఇక్కడి ప్రధాన ప్రశ్న నీరు. అశ్వారావుపేట, దమ్మపేట మండలాలు రాష్ట్రంలో ఆయిల్‌పామ్ సాగుకు కేంద్రాలు. అశ్వారావుపేటలోనూ, దమ్మపేట మండలం అప్పారావుపేటలోనూ ఆయిల్‌ఫెడ్ కర్మాగారాలు ఉన్నాయి. ఎకరాకు 57 మొక్కలు వేసే ఈ పంటలో, ఎండాకాలంలో ఒక్కో చెట్టుకు రోజుకు సుమారు 200 లీటర్లు కావాలని లెక్కవేస్తే, ఎకరాకు రోజుకు 11 వేల లీటర్లకు పైగా నీరు పెట్టాలి. ఆ నీటిలో పెద్ద భాగం బోర్ల నుంచే రావాలి. ఏ రాతిపొర కింద ఎంత నీరు ఉంది, వానకు అది ఎంత నిండుతోంది, ఎన్ని ఎకరాల తర్వాత ఈ సాగు నేలకు భారమవుతుంది అన్న లెక్క రైతు చేతిలో లేదు. అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది, కొత్తగూడెంలో ఇప్పుడు భూవిజ్ఞాన విశ్వవిద్యాలయం ఉంది. ఈ రెండూ కలిసి మండలాలవారీగా భూగర్భజలాల పటం తయారుచేసి, ఏటా తాజా చేసి, తెలుగులో గ్రామ పంచాయతీలకు అందిస్తే, కొత్త సంస్థ ఎందుకు వచ్చిందో ఇక్కడి రైతుకు వేరుగా వివరించవలసిన అవసరం ఉండదు.

ఇక ఈ ప్రాంతపు రాజ్యాంగ స్థితిని చట్టం విస్మరించరాదు. జిల్లాలో అధిక భాగం, దమ్మపేట మండలంలోని అనేక గ్రామాలతో సహా, రాజ్యాంగం అయిదవ షెడ్యూలు కిందకు వచ్చే షెడ్యూల్డ్ ప్రాంతం. అంటే గిరిజనుల భూమి, పాలన విషయాల్లో ప్రత్యేక రక్షణలు వర్తించే ప్రాంతం. ఇక్కడ భూమి చేతులు మారడాన్ని 1970 నాటి ఒకటవ నిబంధన, అంటే వాడుకలో 1/70 చట్టం నియంత్రిస్తుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూములను గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదని 1997 జులైలో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు, 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిలో సాగుచేసే కుటుంబాలకు హక్కులు కల్పించాయి. ఈ నాలుగింటినీ చదవకుండా ఇక్కడ పట్టా పొందిన గనుల ఇంజనీరు తన వృత్తిలో సగం తెలియనివాడిగానే మిగులుతాడు. కాబట్టి వీటిని ఐచ్ఛికాంశంగా కాక ప్రతి కోర్సులోనూ తప్పనిసరి పాఠంగా ఉంచాలి.

కోయ గూడేల పిల్లలు ఈ విశ్వవిద్యాలయం తలుపు దాటి లోపలికి రావడం అన్నింటికంటే ముఖ్యం. రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగలకు విద్యా, ఉద్యోగాల్లో రిజర్వేషన్ 2022 సెప్టెంబరు నుంచి 10 శాతం అయింది. షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి జీవో 3ను మాత్రం 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టివేసింది. నూటికి నూరు కోటా దారి ఇలా మూసుకున్నందున, సామర్థ్యం పెంచే దారి ఒక్కటే మిగిలింది. గిరిజన గురుకులాల్లో ఇంటర్ ముగించిన వారికి గణితం, భౌతికశాస్త్రం, ఆంగ్లంలో ఏడాది పాటు వసతితో కూడిన సన్నాహక కోర్సును విశ్వవిద్యాలయమే నడపాలి. దాని ఖర్చు విద్యార్థి మీద పడకూడదు. ములుగు జిల్లాలో 2023 నాటి పార్లమెంటు చట్టంతో ఏర్పడిన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంతో ఈ విషయంలో ఒప్పందం కుదుర్చుకోవచ్చు.

నిధుల ప్రశ్నకు సమాధానం కొంతవరకు ఈ నేలలోనే ఉంది. 2015లో గనులు, ఖనిజాల చట్టానికి చేసిన సవరణతో ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు ఏర్పడింది. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులున్న గనులు ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి అదనంగా, అందులో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని ఈ ట్రస్టుకు చెల్లించాలి. తవ్వకం వల్ల దెబ్బతిన్న ప్రాంతాల కోసం వాడవలసిన ఈ డబ్బుకు తాగునీరు, వైద్యం, పర్యావరణంతో పాటు విద్య కూడా ప్రాధాన్య రంగమే. గని ప్రభావిత గ్రామాల విద్యార్థుల వసతికి, ఆ గ్రామాల నీరు, గాలి, ప్రకంపనలను కొలిచే ప్రయోగశాలలకు ఈ నిధిలో స్థిరమైన వాటా కేటాయించడం నిబంధనల స్ఫూర్తికి సరిపోతుంది. సింగరేణి కూడా ఆచార్య పీఠాలకు, పరికరాలకు సాయం చేయవచ్చు. కానీ డబ్బు ఇచ్చే సంస్థే పరిశోధన ఫలితాన్ని నిర్ణయించే స్థితి రాకూడదు. తన గని ప్రకంపనల మీద వచ్చే నివేదికను ప్రచురించాలో వద్దో చెప్పే అధికారం ఏ కంపెనీకీ, ప్రభుత్వ రంగ సంస్థకైనా సరే, ఉండరాదని చట్టం స్పష్టంగా చెప్పాలి.

ఇవన్నీ ఆచరణలోకి రావాలంటే బోధించే మనుషులు కావాలి. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలు ఏళ్లుగా శాశ్వత నియామకాలు లేక ఒప్పంద అధ్యాపకుల మీద, పార్ట్‌టైమ్ బోధకుల మీద నెట్టుకొస్తున్నాయని సభ్యులకు తెలియనిది కాదు. 2006లోనూ ఆ తర్వాతా జిల్లాల్లో ఏర్పడిన తెలంగాణ, మహాత్మాగాంధీ, పాలమూరు, శాతవాహన విశ్వవిద్యాలయాలు అదే బాధను అనుభవించాయి. భూభౌతికశాస్త్రం, జలభూగర్భశాస్త్రం వంటి విభాగాలను పరికరాలు తెలిసిన, క్షేత్రంలో తిరిగిన పూర్తికాలపు ఆచార్యులు లేకుండా నడపడం సాధ్యం కాదు. మంజూరైన పోస్టుల సంఖ్య, వాటిని నింపే గడువు బడ్జెట్ పత్రాల్లో కనబడకపోతే కొత్త పేరున్న పాత కళాశాలే మిగులుతుంది.

పై కారణాల వల్ల గౌరవ సభ్యుల ముందుకు ఆరు వినతులు వస్తున్నాయి. ఒకటి, పాత విద్యార్థుల పట్టాలను, సిబ్బంది సర్వీసును కాపాడే స్పష్టమైన నిబంధన ఉండాలి. రెండు, విశ్వవిద్యాలయ పాలకమండలిలో షెడ్యూల్డ్ ప్రాంత గిరిజనులకు, గని కార్మికులకు, రైతులకు ఒక్కో స్థానం చట్టబద్ధంగా దక్కాలి. మూడు, ప్రజాధనంతో సేకరించిన నీటి, నేల, ప్రకంపనల సమాచారాన్ని తెలుగులో ప్రచురించి గ్రామసభలకు ఇవ్వడం విశ్వవిద్యాలయ విధుల్లో చేరాలి. నాలుగు, గిరిజన విద్యార్థులకు ఉచిత సన్నాహక సంవత్సరం పరినియమాల్లో చోటు చేసుకోవాలి. అయిదు, ఖనిజ ట్రస్టు నిధుల్లో నిర్ణీత వాటా, దానితో పాటు పరిశోధన స్వాతంత్ర్యానికి రక్షణ ఉండాలి. ఆరు, పోస్టుల భర్తీ, 12(బి) గుర్తింపు ఎంతవరకు వచ్చాయో తెలిపే వార్షిక నివేదికను ఏటా బడ్జెట్ సమావేశాల్లో సభ ముందు ఉంచాలి.

వీటిలో ఏదీ ఖజానాకు మోయలేని భారం కాదు; సగానికి పైగా వినతులు చట్టంలో కొన్ని వాక్యాలు చేరిస్తే నెరవేరేవే. ఈ నేల నుంచి 1889 నుంచీ బొగ్గు బయటికి వెళ్తూనే ఉంది, దానికి బదులుగా ఈ నేల గురించిన జ్ఞానం ఇక్కడి జనానికి తిరిగి రావడం న్యాయమైన కోరిక. రాబోయే సమావేశాల్లోనే అవసరమైన సవరణలను ప్రవేశపెట్టి, పార్టీలకు అతీతంగా ఆమోదించవలసిందిగా గౌరవ సభ్యులకు విజ్ఞప్తి.

ఇట్లు,
దమ్మపేట మండల పౌరుడొకరు